పోచమ్మ పోతు కోర్టుకెక్కిన సంగతి

పొద్దున లేవగానే మల్లక్క తన మొహానికి కాదు, మేకపోతు మొహానికి బొట్టు పెట్టేది. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, పసుపు కుంకుమ డబ్బాతో క్వార్టరు వెనకాల రేకుల కొట్టం దగ్గరికి పోయేది. మేకపోతు బుద్ధిగా తల వంచి నిలబడేది. అది భక్తి కాదు. బొట్టు తర్వాత గుప్పెడు నానబెట్టిన శనగలు వస్తాయని దానికి తెలుసు. బొట్టు పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి ఆమె రోజూ ఒక్క మాటే చెప్పేది.

"ఇయ్యాల గూడ నీ పని గాదు కొడుకా. వాయిదా ఉన్నది."

ఆ మాటకు మేక ఎంత సంతోషపడేదో తెలియదు గానీ, లోపల మంచం మీద పడుకున్న ఆమె భర్త రాజం మాత్రం రోజూ నవ్వేవాడు. "నీ పోచమ్మ కంటె కోర్టే నయం గదనే. దానికి పానం పోసింది" అనేవాడు.

"పాచి నోటితోని తల్లి పేరు తీసుడేంది. లేచి మొకం కడుక్కో."

ఈ మేకకూ కోర్టుకూ చుట్టరికం ఎట్లా కలిసిందో చెప్పాలంటే రాజం కాలు దగ్గర మొదలుపెట్టాలి. ఆయన గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఒకనాడు డ్యూటీలో కునుకు తీయడానికి కూర్చోకూడని చోట కూర్చున్నాడు. పైనుంచి బండ జారి కాలి మీద పడింది. తప్పు బండది కాదని ఇప్పటికీ ఆయనే ఒప్పుకుంటాడు. దవాఖాన వరండాలో మల్లక్క కొంగు పట్టుకుని మొక్కింది. "తల్లీ పోచమ్మా, ఈయన నడుచుకుంట ఇంటికొస్తె నీకు పోతును ఇస్త." నడుచుకుంటూనే వచ్చాడు. కాస్త వంకరగా నడిచాడు గానీ, తిన్నగా నడవాలని ఆమె మొక్కులో లేదు. తల్లి అడిగినంత ఇచ్చింది.

కమాన్‌పూర్ నుంచి మేకపిల్లను తెచ్చి, ఎడమ చెవి కొస చీల్చి, పసుపు నీళ్లు చల్లి తల్లి పేరున విడిచారు. అట్లా విడిచిన పోతు ఇక ఇంటివాళ్లది కాదు. సాకడం వరకే మనిషి పని. పెరిగి పెద్దదయ్యాక శ్రావణంలో బోనం ఎత్తుకుని, పోతును గుడి దాకా నడిపించి అప్పజెప్పాలి. దాన్ని అమ్మరాదు. దాని బదులు ఇంకో మేకను ఇచ్చి చేతులు దులుపుకోరాదు. తనకు చూపించిన మేక ఏదో తల్లికి తెలుసు.

కాలనీ అంతా దాన్ని సాకింది. బియ్యం కడిగిన నీళ్లు ఒక ఇంట్లో, కూరగాయ పొట్టు ఒక ఇంట్లో. డ్యూటీకి పోయేవాళ్లు సద్దిలో నుంచి ఒక ముద్ద తీసి దాని ముందు పెట్టి పోయేవారు. భర్త పాత లుంగీ పారేసి, మేక తిన్నదని చెప్పిన ఇల్లాళ్లు కూడా ఉన్నారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇంజనీరు గారి భార్య మాణిక్యాంబ గేటు తీసి మరీ పిలిచేది. "రండి బాబుగారూ, టిఫిను చేశారా? ఇవాళ అరటి తొక్కలే ఉన్నాయి, ఏమనుకోకండి." ఆవిడ 'గారు' అని చేర్చి పిలిచే మగప్రాణి ఈ కాలనీలో అదొక్కటేనని ఇంజనీరు గారు వాపోయేవారు.

అట్లా అందరి చేతి తిండీ తిని మేక గడ్డం పెంచి, ఎదురుగా వస్తే మనిషే పక్కకు తప్పుకునేంతగా ఎదిగింది. ఇక ఆ శ్రావణంలో అప్పజెప్పాలని మల్లక్క కొత్త కుండ కూడా తెచ్చిపెట్టింది. బోనాలు వారం ఉన్నాయనగా మేక కనబడలేదు.

మల్లక్క అన్నం మానేసింది. షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు కూడా చేయకుండా బొగ్గు మొహాలతోనే సందు సందూ వెతికారు. కుక్కలు వాళ్లను చూసి మొరిగాయి తప్ప మేక జాడ చెప్పలేదు. మాణిక్యాంబ సీరియల్ వదిలిపెట్టి, గొడుగు పట్టుకుని "బాబుగారూ" అని పిలుచుకుంటూ వానలో తిరిగింది.

మేకను పట్టుకున్నది కానిస్టేబుల్ నర్సింగం. గోదావరి వంతెన దగ్గర బండ్లు ఆపుతుంటే మందమర్రి వైపు పోయే ఒక ఆటో వచ్చింది. వానకు కట్టిన పరదా తీసి చూస్తే, వెనక సీట్లో తల మీదుగా చద్దరు కప్పుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. గడ్డం ఒక్కటే కనబడుతోంది.

"ఏం తాతా, ఈ వానల ఎటు పోతున్నవ్?" అని నర్సింగం మర్యాదగా అడిగాడు.

తాత "మ్మే" అన్నాడు.

ఆటో నడిపేవాడు కిషన్, మందమర్రి మనిషి. దొంగతనంలో అనుభవం లేనివాడు, అందుకే మేకను సీట్లో కూర్చోబెట్టాడు. చెవి చీలి ఉండటం చూడకపోలేదు. కుక్క కరిచిందేమో అని తన మనసుకు తానే చెప్పుకున్నాడు. దొంగతనంలో సగం పని అదే.

కేసు రాశారు. మేక పోలీసు స్టేషన్లో ఉన్న రోజులలో నర్సింగం తుమ్మ కొమ్మలు తానే నరుక్కొచ్చి వేశాడు. తర్వాత కోర్టు పూచీకత్తు మీద మేకను మల్లక్కకు ఇప్పించింది. ఆ కాగితం నర్సింగమే చదివి చెప్పాడు.

"అమ్మొద్దు. ఎవలకు ఇయ్యద్దు. ఆకారం మార్చద్దు. కోర్టు పిలిస్తె తోలుకొచ్చి చూపెట్టాలె. గింతే మల్లక్కా."

"ఆకారం మార్చుడు అంటె ఏంది తమ్మీ?"

నర్సింగం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "కోసుడు."

మల్లక్క వేళ్ల మీద రోజులు లెక్కబెట్టుకుంది. రెండు రోజుల్లో బోనాలు. కేసు తెగే దాకా మేక మీద కత్తి పడరాదు. తల్లి సొమ్ము తల్లికి ఇయ్యకుండా కోర్టు నడుమకు వచ్చి కూర్చుంది. కిషన్ స్టేషన్లో చెప్పుకున్నట్టు, ఇక మీదట దీన్ని చూసి కుక్క కరిచిన మేక అని ఎవరూ అనుకోకూడదని ఆ మర్నాటి నుంచే ఆమె దానికి రోజూ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ శ్రావణం పోయింది. కోర్టులో మొదటి వాయిదాకు సర్కారు వకీలు చక్రపాణికి జలుబు. తర్వాతి దానికి కిషన్ వకీలు ఉపేందర్ ఇంకో కేసులో ఉన్నాడు. ఆ తర్వాత పోలీసులు బందోబస్తుకు పోయారు. ఒకసారి అందరూ వచ్చారు, కరెంటు రాలేదు. న్యాయం తయారుగానే ఉన్నట్టుంది గానీ, దాని చెప్పులు ఎప్పుడూ ఎవరో వేసుకుపోయినట్టుండేది.

కోర్టు పిలిస్తే తోలుకురావాలన్నారు కదా. గుమ్మం దగ్గర బంట్రోతు "మల్లక్కా" అని పిలవడమే ఆ పిలుపు అనుకుని, ఆమె ప్రతి వాయిదాకూ మేకను వెంట తీసుకుపోయేది. అక్కర్లేదని మొదట్లో ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలిసినవాళ్లు కూడా చెప్పలేదు. మేక వస్తే అందరికీ పొద్దు పోయేది. జైలు నుంచి బేడీలతో తెచ్చిన ఒకాయన, తనకు ఇచ్చిన బన్ను సగం తుంచి దానికి పెట్టాడు. పక్కనున్న పోలీసు చూసి కూడా చూడనట్టు అటు తిరిగాడు. ఆ సంగతి మల్లక్క ఇంటికొచ్చి రాజంకు చెప్పి కళ్లు తుడుచుకుంది.

"ఆయన ఏం చేసి జైల్ల పడ్డడో అడిగినవా?" అన్నాడు రాజం.

"అడగలె. బన్ను పెట్టినోన్ని గట్ల అడుగుతరా?"

రెండో శ్రావణం దగ్గర పడుతుండగా ఆమె సాక్ష్యం రోజు వచ్చింది. జడ్జి కొత్తగా వచ్చిన ఆవిడ, నెమ్మదస్తురాలు. బోనులోకి ఎక్కేముందు మల్లక్క చెప్పులు విడిచింది. దేవుడి సాక్షిగా నిజం చెప్తానని బంట్రోతు అనిపిస్తే, ఉత్త దేవుడంటే ఏ దేవుడో తెలియదని, పోచమ్మ పేరూ మల్లన్న పేరూ సమ్మక్క సారలమ్మల పేర్లూ కలిపి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

"కండ్లు తెరువమ్మా, గుడి గాదిది" అన్నాడు బంట్రోతు.

"ఫరవాలేదు, కానివ్వండి" అన్నారు జడ్జమ్మ.

చక్రపాణి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. బయట వేపచెట్టుకు కట్టేసిన మేక లోపలికే చూస్తోంది.

"ఆ మేకపోతును గుర్తు పట్టగలవామ్మా?"

"అదే నన్ను గుర్తు పట్టింది సారూ."

"సరే. అదెవరిది?"

"పోచమ్మది."

చక్రపాణి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అంటే నీదే కదా. సరిగ్గా చెప్పు."

"నాదెట్లయితది సారూ. తల్లి పేరు మీద విడిచిన. ఇచ్చినదాన్ని మల్ల నాదంటె నా కండ్లు పోవా? ఇప్పుడే గదా ఒట్టు వేయించిండ్రు."

అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న ఉపేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. నల్లకోటు దులుపుకుని నిలబడ్డాడు. "మేడం, మేక యజమాని పోచమ్మ అని సాక్షే ఒప్పుకున్నది. పోచమ్మ ఫిర్యాదు ఇయ్యలేదు. సాక్షులలో పోచమ్మ పేరు లేదు. మేక పోయిందని ఆమెకు బాధ ఉన్నట్టు కూడా రికార్డులో ఎక్కడా లేదు."

హాలంతా నవ్వింది. జడ్జమ్మ కూడా పెదవి బిగబట్టుకున్నారు. "ఉపేందర్ గారూ, పిలిపించమంటారా? వస్తే ముందు మీతోనే మాట్లాడుతుందేమో చూసుకోండి."

ఉపేందర్ చప్పున కూర్చుని, ఎవరూ చూడకుండా రెండు చెంపలూ వేసుకున్నాడు. ఆయనదీ ఈ ఊరే.

నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. ముద్దాయి బోనులో కిషన్ మొహం పాలిపోయింది. అంతవరకూ ఎవరిదో మేక, ఏదో కేసు అనుకుంటున్నాడు. పోచమ్మ పేరు కోర్టులో బాహాటంగా పలికేసరికి, కుక్క కరిచిందని తనకు తాను చెప్పుకున్న మాట ఇక నిలబడలేదు. ఆ పూట వాయిదా వేశారు. కిషన్ వెళ్లి మళ్లీ రాలేదు. వారెంటు పట్టుకుని నర్సింగం మందమర్రికి పోయినప్పుడల్లా అతని భార్య సంతోషి, కొమురవెల్లికి పోయిండని ఒకసారి, మేడారం పోయిండని ఇంకోసారి చెప్పేది. పోలీసుల కంటే దేవుళ్లే అతన్ని ఎక్కువగా చూస్తున్నారని నర్సింగం విసుక్కునేవాడు.

ముద్దాయి లేకుండా కేసు కదలదు. కేసు కదలకుండా మేక కదలదు. శ్రావణాలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మేకకు ముందటి పండ్లు ఊడాయి. శనగలు మల్లక్క రోట్లో నలిపి పెట్టసాగింది. పశువుల డాక్టరు దాని నోరు తెరిచి చూసి, "ముసలిదైపోయింది అవ్వా, ఇంకో ఎండాకాలం తట్టుకోదు" అన్నాడు.

అది దానంతట అది పోతే మొక్కు తీరినట్టు కాదు. ఆ సంగతి మల్లక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజం కాస్త కాలు ఈడ్చినా ఆమె పోచమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టేది.

ఆ రోజుల్లోనే లోక్ అదాలత్ పెడుతున్నారని నర్సింగం కబురు తెచ్చాడు. రెండు పక్షాలూ రాజీ పడితే ఆ రోజే కేసు కొట్టేస్తారు. మల్లక్క పరుగున చక్రపాణి దగ్గరికి పోయింది.

"రాజీ పడొచ్చు" అన్నాడాయన. "కానీ దొంగతనం కేసులో సొమ్ము ఎవరిదో వాళ్లే రాజీ పడాలి. నువ్వేమో ప్రమాణం చేసి పోచమ్మది అన్నావు. ఇప్పటికైనా నాదే అని ఒక్క మాట అను, పని అయిపోతుంది."

ఆమె అటు నుంచి అటే ఇంటికి వచ్చేసింది.

"ఒక్క మాట అంటె ఏమైతదే" అన్నాడు రాజం. "తల్లికి తెల్వదా నీ సంగతి?"

"తెలుసు. నీ కాలు సంగతి గూడ తెలుసు. ఇచ్చినది నేను మల్ల గుంజుకుంటె, ఆమె ఇచ్చింది ఆమె గుంజుకోదా?"

రాజం కాలు దుప్పటిలోకి లాక్కున్నాడు.

మర్నాడు ఆమె కోర్టు ముందర టీ కొట్టు దగ్గర ఉపేందర్‌ను పట్టుకుంది. ఎదుటి పక్షం వకీలును అడగకూడదని ఆమెకు తెలియదు, చెప్పకూడదని ఆయనకు గుర్తు రాలేదు. బోనులో ఆమెను ఇరికించిన రోజు నుంచి ఆయన మనసులోనూ ఒక ముల్లు ఉంది. టీ తెప్పించి, బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"నువ్వు నాదనకున్నా ఫికర్ లేదమ్మా. కిషనే వచ్చి మేక నీదని ఒప్పుకుంటే, నువ్వు కాదనకుండ ఊకుంటే సాలు. అడ్డం చెప్పాల్సింది నేను. నా మనిషి మాటకు నేనే ఎట్ల అడ్డం చెప్త? మేడం గూడ గదే అన్నరు, ఇద్దరూ ఒక్క మాట మీదికొస్తే కోర్టుకు ఇబ్బంది లేదని. కానీ వాడు దొరకాలె గదా. నాకే దొరుకుతలేడు."

ఇంకా ఏవో రెండు మూడు సందేహాలు అడిగి, కొంగున ముడేసుకున్నట్టు అన్నీ మనసులో ముడేసుకుని, మల్లక్క మందమర్రి బస్సెక్కింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో ఆటో ఉంది. దానికి మూడు నిమ్మకాయలూ ఒక పాత చెప్పూ కట్టి ఉన్నాయి. సంతోషి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. వచ్చిన మనిషిని ఎగాదిగా చూసి, అలవాటు కొద్దీ మొదలుపెట్టింది.

"ఆయన ఇంట్ల లేడు. యాదగిరిగుట్టకు పోయిండు."

"మంచిగైంది బిడ్డా. పోలీసోళ్లు పంపలె నన్ను. నేను మేక మల్లక్కను."

సంతోషి చేతిలో చాట ఆగిపోయింది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. "దూరంకెళ్లి వచ్చినవ్. తిన్నవా అవ్వా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే కంచంలో అన్నం, పప్పుచారు పెట్టింది. తన మొగుని మీద కేసు పెట్టిన మనిషికి మామిడికాయ తొక్కు కూడా వడ్డించింది. తర్వాత లోపలి గది వైపు తిరిగి గొంతు పెంచింది.

"ఓ గుట్టకు పోయినాయనా, ఇగ దిగిరా. ఆమె వచ్చింది."

కిషన్ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. మెడలో పసుపు దారాలు, చేతికి నల్లదారాలు. వంగి మల్లక్క కాళ్లు పట్టుకున్నాడు.

"అవ్వా, తల్లి నన్ను విడుస్తలేదు. కలల కొస్తది. ఆటో బయటికి తీస్తె పంచరు."

"పంచరు తల్లి చెయ్యదు కొడుకా. రోడ్డు మీది ఇనుప మొలలు చేస్తయి. లే."

"అన్ని గుళ్లకు తిరిగిన అవ్వా."

"అన్ని గుళ్లకు పోయిండు" అంది సంతోషి. "కోర్టుకు తప్ప. గాడికి పో అంటె కడుపు నొస్తదంటడు."

"కోర్టుకు వస్తె జైల్ల ఏస్తరు గదా అవ్వా. వారెంటు ఉన్నదట."

"వకీలు చూసుకుంటనన్నడు. ముందుగాల్నే వచ్చి జడ్జమ్మకు దండం పెట్టాలెనంట. రాజీ పడితె గా రోజే అయిపోతదంట. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నా ఈ తొక్కుతోని పోయింది." మల్లక్క చెయ్యి కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. "నేను నిన్ను తిట్టనీకి రాలె కొడుకా. నీతోని ఒక పని పడ్డది."

"చెప్పవ్వా. తల్లికి ఏమన్న మొక్కు చెల్లించాల్నా?"

"అది నేను చూసుకుంట. పోతుకు పండ్లు ఊడినయి. ఈ ఎండాకాలం లోపట దాన్ని తల్లికి అప్పజెప్పకపోతె నా మాట మట్టిల కలుస్తది. నువ్వు కోర్టుకు వచ్చి, జడ్జమ్మ ముంగట, పోతు మల్లక్కదే అని చెప్పాలె."

కిషన్ బిత్తరపోయి చూశాడు. "నీ పోతు నీదని నువ్వే చెప్పరాదు?"

"ఎట్ల చెప్త? ఒకపారి ఒట్టు వేసి తల్లిదని చెప్పిన. మల్ల నాదని నోరెట్ల వస్తది?"

"మరి నేను చెప్తె తల్లి కోపానికి రాదా?"

"తల్లితోని నేను మాట్లాడుకుంట. నీకు గా భయం వద్దు." మల్లక్క కాస్త ముందుకు జరిగి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ముద్దాయితోని ఒట్టు వేయించరంట కొడుకా. వకీలును రెండుమాట్ల అడిగి ఖాయం చేసుకున్న. అంత పెద్ద కోర్టుల ఒట్టు లేకుండ మాట్లాడే సౌలతు నీ ఒక్కనికే ఉన్నది. అబద్ధం ఆడుడు గూడ నీకు కొత్త గాదు, నాకైతె రాదు. గా ఒక్క మాట నా కోసం నువ్వు చెప్పు."